‘వన్స్ మోర్’ అన్న ఊరు ఎవరికి ఓటేసింది

ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో ముందే చెప్పడం విలేకరి పని కాదు. జరిగింది రాయడం విలేకరి పని. ఈ మాట ఉద్యోగం పొడుగునా నా పై అధికారులకు చెబుతూ వచ్చాను. వాళ్ళు శ్రద్ధగా విని, తలూపి, “సరేగానీ, ఎవరు గెలుస్తారండీ?” అనేవారు.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఏ ఏడు ఏ హోదా వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అన్నవి ఇందులో ఉండవు. శాలువాలు చాలా వచ్చాయి. అన్నీ ఒకే రంగు. అభ్యర్థుల గురించి జనం ఏమనుకుంటున్నారో కనుక్కు రమ్మని మమ్మల్ని ఊళ్ళ మీదికి తోలేవారు. ఆ పని నిజానికి ఎలా ఉంటుందో, అందులో నేను ఎక్కడ పప్పులో కాలేశానో మాత్రం చెబుతాను.

ఎవరి మనవణ్ణి

కొల్లిపర వైపు ఒక ఊళ్ళో మా తాతగారికి దివాణం ఉండేది. దివాణం అంటే పెద్ద ఇల్లు అని ఇప్పటివాళ్ళు అనుకుంటారు. భూములు, కచేరీ, నౌకర్లు అన్నీ కలిస్తే దివాణం, ఇల్లు అందులో చిన్న భాగం. కోర్టు కేసుల్లో ముందు భూములు పోయాయి, వాటి వెనకే ఇల్లు పోయింది. మా నాన్నగారి దాకా వచ్చేసరికి మిగిలినవి రెండు: సింహాల చేతుల కుర్చీ ఒకటి, నిటారుగా కూర్చునే అలవాటు ఒకటి. కుర్చీకి ఒక సింహం ఊడిపోయింది. అలవాటు మాత్రం చెక్కుచెదరకుండా నాకు వచ్చింది.

నేను తెనాలిలో అద్దె ఇంట్లో ఉంటూ సైకిలు మీద తిరిగేవాణ్ణి. సైకిలు మీద కూడా వంగేవాణ్ణి కాను. ఎదురుగాలి వేసినప్పుడు ఇది కష్టం. అభ్యర్థుల ఇళ్ళలో కాఫీ పుచ్చుకునేవాణ్ణి కాను, వాళ్ళ జీపు ఎక్కేవాణ్ణి కాను. ఎవరి ముందూ చేతులు కట్టుకుని ‘చిత్తం’ అనక్కర్లేని ఉద్యోగం ఇదొక్కటేనని ఎవరో చెబితే ఇందులో చేరాను. ఆ చెప్పినాయనకు వీరభద్రరావు గారి సంగతి తెలియదు.

వీరభద్రరావు గారు మా పత్రికలో జిల్లా వార్తల ఇన్‌ఛార్జి. నగరంలో, ఫ్యాను కింద కూర్చునేవారు. ఏ నగరమో రాయను. అక్కడి మాజీ మేయర్లలో కొందరు ఇంకా ఆరోగ్యంగా ఉన్నారు, వాళ్ళతో నాకు పేచీ వద్దు. ఆయన చెడ్డ మనిషి కాదు. కాకపోతే ప్రతి వార్తా తనకు ముందే తెలుసన్నట్టు వినేవారు. తెలియదని తేలినప్పుడు మన మీద కోప్పడేవారు.

నాకున్న పెద్ద ఇబ్బంది మా తాతగారే. ఆయన పోయి చాలా కాలమైనా తెనాలి ఆయన్ని వదల్లేదు. నేను సెలూన్లో అడుగు పెట్టేసరికి బెంచీ మీదవాళ్ళు లేచి నిలబడేవారు. ఒకసారి సగం గడ్డం గీయించుకుని ఉన్న పెద్దమనిషి కూడా కుర్చీలోంచి లేవబోయాడు. మంగలి ఆయన భుజం పట్టి కూర్చోబెట్టి, “మీరు లేస్తే నా కత్తి ఎక్కడికి పోతుందో నేను చెప్పలేనండి. దొరగారు ఏమీ అనుకోరులెండి” అన్నాడు. అంతవరకు ఆ గదిలో అభ్యర్థులను పేరుపేరునా ఏకుతున్నవాళ్ళు నన్ను చూడగానే, “అందరూ మంచివాళ్ళేనండి” అనేవారు.

గౌరవం వార్తకు అడ్డం అని నాకు అప్పుడు తెలియదు. అది నాకు రావలసిందేనని పుచ్చుకునేవాణ్ణి.

మూడు ఊళ్ళ జవాబులు

నా పరిధి తెనాలి, బాపట్ల, రేపల్లె. పటం మీద దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒక అభ్యర్థి గురించి అభిప్రాయం అడిగి చూడండి, మూడు వేరే దేశాలు.

తెనాలిలో అడగక్కర్లేదు. అభిప్రాయం దానంతటదే వస్తుంది, చేతులతో, కళ్ళతో, అవసరమైతే నాలుగడుగులు వెనక్కి వేసి మరీ వస్తుంది. మధ్యలో ఇంకో ఇద్దరు చేరితే మళ్ళీ మొదటినుంచి చెబుతారు, రెండోసారి ఇంకా బాగా చెబుతారు. నాటకాల ఊరు గదా. బాపట్లలో కాలేజీలు ఎక్కువ, అయ్యవార్లు ఎక్కువ. “ఫలానా ఆయన ఎలాంటివారండీ?” అంటే, “తమరేమనుకుంటున్నారు?” అంటారు. మనం ఏదో ఒకటి అంటే, “అదీ ఒక కోణమేనండి” అంటారు. సాయంత్రానికి నోటు పుస్తకం నిండా మన అభిప్రాయాలే ఉంటాయి.

రేపల్లెలో రైలు కదిలేదాకా నోరు విప్పరు. అక్కడితో పట్టాలు ఆఖరు కాబట్టి తెనాలి పాసింజరు తీరిగ్గా నిలబడుతుంది. ఆ సేపంతా ప్లాట్‌ఫారం మీద నాతో వర్షాల గురించి, రొయ్యల గురించి మాట్లాడతారు. గార్డు జెండా ఊపాక, బండి కదిలాక, కిటికీ వెంట నడుస్తూ ఒకాయన అరుస్తాడు:

“ఆయన ఓడిపోతాడండోయ్!”

“ఎందుకండీ?”

“రేపు పొద్దున బండికి రండి, చెబుతాను!”

పొద్దున బండికి వెళ్తే మళ్ళీ రొయ్యల గురించే. పిల్లలూ, రేపల్లెలో వార్త కావాలంటే ముందు తిరుగు టిక్కెట్టు కొనుక్కోండి.

బాపట్ల లెక్చరర్ గారు

ఎనభైల్లో మున్సిపల్ చైర్మన్‌ను జనమే నేరుగా ఎన్నుకునేవారు. ఆ ఎన్నికల్లో మా పరిధిలో ముందు బాపట్ల వంతు వచ్చింది. పార్టీల గొడవ ఇక్కడ వద్దు. ఒకవైపు రిటైరైన లెక్చరర్ గారు, ఇంకోవైపు బట్టల కొట్టు ఆసామి. నేను ఊరంతా తిరిగాను. లెక్చరర్ గారి మాట ఎత్తగానే జనం చేతులు జోడించారు. “ఉత్తములండి” అన్నారు. “అలాంటివారు ఈ కాలంలో ఉంటారా అండీ?” అన్నారు. బట్టల కొట్టు ఆయన పేరు చెబితే మూతి తిప్పుకున్నారు. ఇంకేం కావాలి? లెక్చరర్ గారు సునాయాసంగా గెలుస్తారని రాశాను.

ఆయన డిపాజిట్టు పోయింది. ఓట్ల లెక్కింపు దగ్గర, ఆయన్ని అందరికంటే ఎక్కువ పొగిడిన పూజారి గారు కనిపిస్తే ఆపాను.

“మీరు ఉత్తములన్నారు గదండీ?”

“ఇప్పుడూ అంటానండి.”

“మరి ఓటు?”

ఆయన నన్ను జాలిగా చూశారు. “అంత ఉత్తముణ్ణి తీసికెళ్ళి ఆ మున్సిపాలిటీలో పడేస్తామా అండీ? ఆ కాంట్రాక్టర్లు, ఆ బూతులు... పాపం, పెద్ద ప్రాణం. బట్టల కొట్టు ఆయనైతే తట్టుకుంటాడు.”

మర్నాడు వీరభద్రరావు గారి ఫోను. “ఏంటండీ మీరు? సన్మానానికి ఎవరు తగినవారో కనుక్కోమన్నానా, ఎన్నికల్లో ఎవరు నెగ్గుతారో కనుక్కోమన్నానా?” ఆ వెంటనే మళ్ళీ అందుకున్నారు: “సరే వినండి. వచ్చేది తెనాలి. మీ సొంత ఊరు. అక్కడా తప్పయితే మిమ్మల్ని ఇక్కడికి పిలిపిస్తాను. ధరవరల బల్ల ఖాళీగా ఉంది.”

ధరవరల బల్ల అంటే పసుపు, మినుములు, బెల్లం రేట్లు దిద్దే చోటు. మరుగుదొడ్డి పక్కన ఉండేది. అయినా నన్ను భయపెట్టింది బల్ల కాదు. తెనాలిలో నేను వీధిలో పోతుంటే, అద్దె ఇల్లయినా, పాత సైకిలైనా, ఫలానావారి మనవడని నలుగురు పక్కకు తప్పుకునేవారు. తెనాలి దాటితే నేనెవరికీ మనవణ్ణి కాను. ఆ వయసులో కొత్తగా ఎవరికో ఒకరికి ఏదో ఒకటి కావడం నా వల్ల కాదు.

ప్లీడరు గారి పద్యం

తెనాలిలో పోటీ ఇద్దరి మధ్య. ఒకరు ప్లీడరు పుండరీకాక్షయ్య గారు. కుర్రతనం నుంచి పౌరాణిక నాటకాల్లో రాజు వేషాలు కట్టినవారు. కోర్టులో జడ్జీలు కూడా ఆయన వాదన పూర్తయ్యేదాకా వాయిదా వేసేవారు కాదు. రెండోవారు బియ్యం మిల్లు బ్రహ్మయ్య. ఈయన మైకు ముందు నిలబడితే మైకే నయం, అప్పుడప్పుడు కూతైనా పెడుతుంది. “నమస్కారమండి. ఓటెయ్యండి. ఉంటానండి” అని దిగిపోయేవాడు.

ప్లీడరు గారు సభ ముగింపులో కొళాయి మీద పద్యం చదివేవారు. స్వయంగా రాసుకున్నది. చుక్క నీటికై తల్లులు బిందెలతో నిలిచిన వైనం. చివరి పాదంలో ‘కొళాయీ’ అన్న దగ్గర రాగం ఎత్తుకుంటే, కొళాయిలో నీళ్ళు రానంతసేపు సాగేది. జనం ఊగిపోయి “వన్స్ మోర్” అనేవారు. ఆయన కండువా సర్దుకుని మళ్ళీ మొదలుపెట్టేవారు. బ్రహ్మయ్య సభకు వెళ్ళినవాళ్ళు కూడా అది తొందరగా అయిపోతుంది గనక లేచి పద్యం వేళకు ఇక్కడికి చేరుకునేవారు.

ఎవర్ని అడిగినా ప్లీడరు గారి గురించి ఒకటే పాట: “గొంతా అదండీ? గంట!” బ్రహ్మయ్య గురించీ ఒకటే పాట: తిట్లు. నా పుస్తకం నిండింది. నేను వార్త రాయబోయాను. చేయి ఆగింది. బాపట్ల పూజారి గారు కళ్ళ ముందు నిలబడ్డారు.

మా గుమ్మం ముందు

ఆ రోజుల్లోనే ఒక ఉదయం ప్లీడరు గారు మా వీధికి ఓట్లడగడానికి వచ్చారు. నేను వరండాలో సింహాల కుర్చీలో ఉన్నాను. మా ఆవిడ లోపల్నుంచి ఆయనకు కాఫీ తెచ్చి ఇచ్చింది. “మీ వేషం అంటే మా అత్తగారికి ప్రాణమండి. ఒక్కసారి ఆ కొళాయి పద్యం చదువుతారేంటి?” అంది. ఆయన మా గుమ్మంలోనే ఎత్తుకున్నారు. పక్కింటివాళ్ళు గోడల మీదికి వచ్చారు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆయన తృప్తిగా వెళ్ళిపోయారు.

గంట తిరక్కుండా బ్రహ్మయ్య వచ్చాడు. కాఫీ లేదు. మా ఆవిడ చీపురుతోనే బయటికి వచ్చింది.

“ఏం అన్నయ్యగారూ! ఈ కాలవ కంపు మీ మిల్లుదాకా రావడంలేదా?”

“నమస్కారమమ్మా. ఓటె...”

“ఓటు సంగతి తర్వాత. ఆ రాయి చూడండి. అది అడ్డం పడి నీళ్ళన్నీ మా గుమ్మంలోకి వస్తున్నాయి. మొన్న కోమట్ల వీధిలో మీతో చెప్పానా లేదా?”

“చెప్పారమ్మా. నేనింకా గెలవలేదు గదా...”

“గెలిచాక చెబితే వింటారేంటి? ఇప్పుడే చెబుతున్నాను. గెలిచిన మర్నాడు మనిషిని పంపండి. పంపకపోతే మీ మిల్లుకొచ్చి కూర్చుంటాను.”

బ్రహ్మయ్య ఆ రాయివంక చూశాడు, నావంక చూశాడు, తలూపి వెళ్ళిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మా వంశంలో గుమ్మంలోకి వచ్చినవాడితో అలా మాట్లాడినవాళ్ళు లేరు. ఆ మాటే అన్నాను.

“మీ వంశంలో కాలవలు ఎవరు తీయించేవారండి?” అంది మా ఆవిడ.

“మా తాతగారు.”

“ఆయన్నీ ఇలాగే అడిగి ఉంటారు. మీకు చెప్పి ఉండరు.”

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. నేను కుర్చీలోనే ఉండిపోయాను. నా పుస్తకం తెరిచి బ్రహ్మయ్య మీద తిట్లన్నీ మళ్ళీ చదివాను. వీధి లైటు వెలగడం లేదు, వాడికి కళ్ళు లేవా. చెత్తబండి రావడం లేదు, వాడు ఏం చేస్తున్నాడు. పందులు తిరుగుతున్నాయి, చెబితే వినడు. అయ్యా, ఆయన ఇంకా ఎన్నిక కాలేదు! ఆయన దగ్గర ఉన్నది ఒక మిల్లు. ఊరు మాత్రం ఆయన్ని చైర్మన్ని చేసేసి, పని చేయడం లేదని అప్పుడే అలిగింది.

ప్లీడరు గారిని ఒక్కడంటే ఒక్కడు కాలవ గురించి అడగలేదు.

నేను సైకిలెక్కి మళ్ళీ ఊరంతా తిరిగాను. ఈసారి ఎవర్నీ ఏమీ అడగలేదు. సెలూన్ లోపలికి వెళ్ళకుండా గోడ బయట నిలబడ్డాను. గంగానమ్మపేటలో, మార్కెట్లో, రిక్షా స్టాండు దగ్గర, గొలుసు ఊడినట్టు సైకిలు పక్కన కూర్చుని విన్నాను. వంగి కూర్చున్నాను. ఎవరూ లేచి నిలబడలేదు. ఆ ఊళ్ళో అంత మంచి సంభాషణ జరుగుతుందని నాకు అంతకుముందు తెలియదు.

ప్లాట్‌ఫారం మీద

బ్రహ్మయ్య గెలుస్తాడని రాసి కవరు బస్సులో పంపాను. సాయంత్రం బండికి, ఆ కవరుకు జవాబుగా, వీరభద్రరావు గారే దిగారు.

“నేను స్వయంగా చూస్తాను” అన్నారు. చూపించాను. ఆ సాయంత్రం మార్కెట్ దగ్గర ప్లీడరు గారి సభ. వీరభద్రరావు గారికి పద్యం అంటే పిచ్చి అని నాకు తెలియదు. ‘కొళాయీ’ దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్ళు మూసుకున్నారు. రాగం ముగిసింది. మొత్తం మైదానంలో అందరికంటే ముందు, చేయి పైకెత్తి, ఒక పెద్ద గొంతు “వన్స్ మోర్!” అంది. నా పక్కనుంచే వచ్చింది.

తిరిగి స్టేషనుకు నడిచాం.

“ఇంకా అనుమానమేంటండీ? ప్లీడరే.”

“కాదండి. బ్రహ్మయ్య.”

“ఆ మూగాయనా! జనం వన్స్ మోర్ అన్నది మీ చెవిన పడలేదా?”

“పడిందండి. మీ గొంతు కూడా పడింది.”

ఆయన ఆగారు. “నేను రసికుడిగా అన్నానండీ.”

“వాళ్ళూ అంతేనండి.”

బండి వచ్చింది, ఆయన ఎక్కారు. మెట్టు మీద నిలబడి అన్నారు: “మీ పేరుతోనే వేస్తాను. తప్పయితే ఆ బల్ల గుర్తుంది గదా?”

“వెయ్యండి” అన్నాను. మా కుటుంబం ఆస్తులు ఇలాగే పోగొట్టుకుంది.

పేపరు వచ్చిన పొద్దున మొట్టమొదట మా ఇంటి మీదికి వచ్చింది ప్లీడరు గారి మనుషులు కాదు, బ్రహ్మయ్య. ఆయన నోట అన్ని మాటలు నేను ఎన్నడూ వినలేదు.

“ఏంటి దొరగారూ, నా కొంప ముంచారు! గెలుస్తానని ఎవరు రాయమన్నారండీ మిమ్మల్ని? మా కుర్రాళ్ళు పేపరు చదివి ఇళ్ళకి పోయి పడుకున్నారు! ఓడిపోతానని రాసుంటే ఒక్కొక్కడూ పరిగెత్తేవాడు గదండీ!”

అది నేను ఆలోచించలేదు. నా జోస్యమే నా జోస్యాన్ని ముంచేటట్టుంది. ప్లీడరు గారు మాత్రం రిక్షా పంపి పిలిపించారు. ఆయన గొంతు గురించి నేను రాసిన రెండు వాక్యాల కింద ఎర్ర సిరాతో గీత గీసి ఉంచుకున్నారు. “గెలుపు ఓటముల సంగతి వదిలేయండి. సంగీత జ్ఞానం ఉన్న విలేకరి మీరొక్కరే” అన్నారు.

పోలింగు రోజు నేను ఇల్లు కదల్లేదు. కదిలితే ఎవరినో ఒకరిని ఓటెయ్యమని అడుగుతానేమోనని భయం. మా ఆవిడ ఓటేసి వచ్చింది.

“ఎవరికి వేశావు?”

“మీకెందుకు చెప్పాలి? పేపర్లో వేస్తారు.”

మేయరు

బ్రహ్మయ్య గెలిచాడు. భారీగా కాదు, బొటాబొటిగా. లెక్కింపు జరుగుతున్నంతసేపు ఆయన కంటే నేనే ఎక్కువ నీళ్ళు తాగాను. మర్నాడు మా కాలవ దగ్గరికి మనిషి రాలేదు. ఆ మర్నాడు మా ఆవిడ మిల్లుకు బయల్దేరుతుంటే వచ్చాడు.

బల్ల తప్పింది, తెనాలి మిగిలింది అనుకున్నాను. వీరభద్రరావు గారు ఫోను చేశారు, గొంతులో అంతకుముందెన్నడూ లేని తేనె. “మీలాంటివారు తెనాలిలో ఉండడమేంటండీ? నగరానికి వచ్చెయ్యండి. ఇక్కడ మేయరు ఎన్నిక ఉంది. ఎవరు గెలుస్తారో చెప్పండి. తర్వాత ఇక్కడే ఉండిపోదురుగాని.”

తప్పయితే ఆ ఊరికే తీసికెళ్తారు, ఒప్పయినా ఆ ఊరికే తీసికెళ్తారు. ఈ ఉద్యోగంలో న్యాయం ఇలా ఉంటుంది.

వెళ్ళాను. మేయరు పదవికి పోటీ చేసేవాళ్ళు గట్టివాళ్ళే. కొండ వాలు ఇళ్ళలో, కాలవ గట్ల మీద, సినిమా హాళ్ళ వీధుల్లో తిరిగాను. ఎవర్ని అడిగినా టకటకా అభిప్రాయం చెప్పారు. ఒకాయన సమర్థుడు, ఇంకొకాయన యువకుడు, మూడో ఆయనకు పైన పలుకుబడి ఉంది. అన్నీ పోస్టర్ల మీద రాసి ఉన్న మాటలే. గోడల పక్కన నిలబడి విన్నాను. నీళ్ళు రాకపోతే ట్యాంకరును తిట్టారు, కరెంటు పోతే ఆఫీసును తిట్టారు. ముగ్గురు అభ్యర్థుల్లో ఒక్కణ్ణి కూడా ఎవరూ ఏమీ అనలేదు. అంత పెద్ద నగరంలో, మేయరు కాబోయేవాడితో పని ఉందనుకునే మనిషి నాకు కనబడలేదు. వాళ్ళ అభిప్రాయాలు వాళ్ళ దగ్గరే లేనప్పుడు నేను ఎక్కణ్ణుంచి తెచ్చేది?

ఆఫీసుకు వెళ్ళి వీరభద్రరావు గారి ముందు నిలబడ్డాను.

“చెప్పండి, ఎవరు?”

“నాకు తెలియలేదండి.”

“అంటే?”

“ఎవరు గెలుస్తారో నాకు తెలియలేదండి. కావాలంటే అదే రాసిస్తాను, నా పేరుతో వెయ్యండి.”

“తెలియలేదని ఏ పత్రికైనా వేస్తుందా అండీ!”

“వేస్తే చదివేవాళ్ళు నమ్ముతారండి.”

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. చుట్టూ ఉన్న సబ్ ఎడిటర్లు దిద్దడం ఆపి చూస్తున్నారు. ధరవరల బల్ల నాకు ఎదురుగానే కనిపిస్తోంది. మా తాతగారు ఎవరో ఆ గదిలో ఒక్కరికీ తెలియదు. “ఒక్క పేరు చెప్పండి, ఎవరిదైనా సరే. అన్నీ కుదిరితే ఇక్కడ మీకు ప్రత్యేకంగా గది ఇప్పిస్తాను” అన్నారు ఆయన, కాస్త మెత్తగా.

“తెలియనిది చెప్పలేనండి” అన్నాను.

వీరభద్రరావు గారు నన్ను కింది నుంచి పైదాకా చూశారు. “మీరు తెనాలికి తప్ప ఎందుకూ పనికిరారండీ!” అని గది అదిరేట్టు అరిచారు.

“అవునండి” అన్నాను.

నా ఉద్యోగ జీవితంలో పై అధికారి మాటకు నేను వెంటనే, మనస్ఫూర్తిగా ఒప్పుకున్నది ఆ ఒక్కసారే. మధ్యాహ్నం తెనాలి బండి అందుకున్నాను.